దారి చెప్పిన అమ్మాయి

మధిరలో రైలు దిగి మా ఇంటికి రావాలనుకునేవారికి చిరునామాతో పనిలేదు. స్టేషను బయట కనిపించిన మొదటి మనిషిని "తెలుగు మాస్టారి ఇల్లెక్కడ?" అని అడిగితే చాలు. అయితే ఆ మనిషి ఊరకే చెప్పడు. మీరెవరి తాలూకు, ఏ ఊరినుంచి రాక, పెళ్ళి సంబంధం పనా, పొలం తగాదా పనా అని ముందుగా కూపీ లాగుతాడు. ఆ తరువాతనే "ఇట్లాగే తూర్పుకు పోండి, వేపచెట్టు వస్తది, ఆడ ఉత్తరానికి తిరగండి" అంటాడు. తోచుబడి కాకపోతే సగం దూరం తానూ వెంట వస్తాడు. మీరు మా గుమ్మం ఎక్కేలోగానే మీ రాక నాకు తెలిసిపోతుంది.

ఇటువంటి ఊళ్ళో పుట్టి పెరిగి కూడా నేను ఒకరిని దారి అడిగి ఎరుగను. ముప్పయి మూడేళ్ళు బడిలో ప్రశ్నలు వేసినవాణ్ణి. పంతులు వేసే ప్రశ్నకు జవాబు అతనికి ముందే తెలిసి ఉంటుంది. తెలియక అడగడమన్న విద్య ఆ వృత్తిలో అబ్బదు. మా ఇంట్లో ఆ విద్య యావత్తూ మా ఆవిడ సొత్తు. బస్టాండులో, ఆస్పత్రిలో, తిరుపతి కొండమీద, ఎక్కడైనా సరే, నేను బోర్డులు చదువుతూ నిలబడి ఉండగానే ఆమె ఎవరినో ఒకరిని "ఏమ్మా", "ఏం బాబూ" అని పలకరించి సంగతి తేల్చుకొని వచ్చేది.

1983లో నా తొలి ఉద్యోగం భద్రాచలం అవతల ఏజన్సీలో, ఒక ఆశ్రమ పాఠశాలలో. అప్పటికి మాకు పెళ్ళయి మూడు నెలలు. భద్రాచలంలో బస్సెక్కి, చర్ల పోయే దారిలో ఒకచోట దిగి, అక్కడినుంచి నాలుగు మైళ్ళు అడవిలో నడవాలి. నా నెత్తిన ట్రంకుపెట్టె, ఆమె చంకన వంటగిన్నెల మూట. ఉద్యోగంలో చేరడానికి ముందొకసారి వచ్చి వెళ్ళిన ధైర్యంతో "దారి నాకు తెలుసు" అన్నాను. గంట నడిచాక బాట రెండుగా చీలింది. ఒకదానిని పట్టుకొని ముందుకు పోయాను. మరొక గంటకు అది ఇప్పచెట్ల మధ్య కలిసిపోయింది. "తెలుసన్నారుగా" అని ఆమె అనలేదు. మూట దింపి, దూరాన గొడ్డలి చప్పుడు వినిపిస్తున్న వైపు తిరిగి "అన్నా!" అని కేక వేసింది. ఒక కోయ పెద్దాయన వచ్చాడు. వాగు, వాగు పక్కన జంట మద్దిచెట్లు, ఆ పైన పుట్ట అంటూ ఆయన చెప్పిన గుర్తులు ఒక్కటీ నా తలకెక్కలేదు. నా వాలకం చూసి, ఇతనికి చెప్పడం దండగ అనుకున్నాడో ఏమో, గొడ్డలి భుజాన వేసుకొని ముందు నడిచాడు. బడి పెంకులు కనబడగానే చెయ్యి చాపి చూపి, మేము దణ్ణం పెట్టేలోగా వెనక్కు మళ్ళిపోయాడు.

ఈ కథను ఆమె నలభై ఏళ్ళపాటు బంధువులందరికీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అడవి కాస్త పెరిగేది.

2010 వేసవి సెలవుల్లో మా అబ్బాయి మమ్మల్ని అమెరికా రప్పించుకున్నాడు. అప్పటికింకా వాడికి పెళ్ళికాలేదు. కాపురం న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్ళో. ఓక్ ట్రీ రోడ్డు అంగళ్ళలో గోంగూర, మామిడల్లం, పంచాంగాలు చూసి ఇదేం పరదేశం అనుకున్నాను. మొదటి శనివారమే పిట్స్‌బర్గు వేంకటేశ్వరస్వామి దర్శనానికి బయలుదేరాము. పిట్స్‌బర్గు శివార్లలో పెన్ హిల్స్ అనే చోట 1970లలో తిరుమల పద్ధతిలో కట్టిన గుడి అది. అమెరికాలోని మన పాత గుళ్ళలో ఒకటి. ఎడిసన్ నుంచి అయిదువందల కిలోమీటర్లకు పైమాటే. "దారి తెలుసునా నాయనా?" అని వాళ్ళమ్మ అడిగింది. "నాకెందుకమ్మా తెలియడం, ఇది చెబుతుంది" అని వాడు కారు ముందద్దానికి రబ్బరు గిన్నెతో అతికించిన అరచేయంత పెట్టెను చూపించాడు. పేరు జీపీయస్ అన్నాడు.

బయలుదేరిన మరుక్షణం ఆ పెట్టెలోనుంచి ఒక అమెరికా అమ్మాయి గొంతు పలికింది. అరమైలు తరువాత కుడివైపు తిరగమంది. వెనక సీటులోనుంచి మా ఆవిడ "అలాగేనమ్మా" అంది. మేమిద్దరం నవ్వాము. ఆమె నవ్వలేదు. పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడుతున్న పిల్లకు బదులు చెప్పకపోతే బాగుండదని ఆమె అభిప్రాయం. ఆ రోజు మొదలు తిరుగు ప్రయాణం వరకు, నెలన్నరపాటు, ఆ గొంతు చెప్పిన ప్రతి మలుపుకూ "అలాగేనమ్మా" అంటూనే ఉంది.

నాకు మాత్రం ఆ కుడి ఎడమల లెక్క ఒంటబట్టలేదు. మనకు ఇంట్లో కూడా దిక్కులే. "కాస్త పడమటికి జరుగు" అని పీట మీద కూర్చున్నవాడితో అంటాము. మన దిక్కుల పేర్లు చాలావరకు తూర్పు ముఖంగా, సూర్యుడికి ఎదురుగా నిలబడిన మనిషిని బట్టి పుట్టినవి. పూర్వమంటే ముందున్నది, పశ్చిమమంటే వెనకనున్నది. కుడిచేతి వైపు కాబట్టి దక్షిణం. సంస్కృతంలో ఆ మాటకు కుడి అనీ దక్షిణ దిశ అనీ రెండర్థాలూ ఉండడం అందుకే. గుడి చుట్టూ తిరిగితే దేవుడు మన కుడిచేతి వైపు ఉంటాడు గనుక ప్రదక్షిణం. ఇవన్నీ పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి, అక్కడికి వెళ్ళాక నాకే దిక్కు తెలియలేదు. మధిర పదిహేడో అక్షాంశానికి రవ్వంత దిగువన ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. నలభయ్యో అక్షాంశం మీద ఉన్న ఆ సీమలో ఏనాడైనా దక్షిణంగానే ఉంటాడు. నేను పాత అలవాటున లెక్కకట్టి "ఒరే, మనం ఉత్తరానికి పోతున్నామేమిటి?" అని రెండుసార్లు అడిగి భంగపడి ఊరుకున్నాను.

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే ఆ రాజమార్గం 1940లో మొదలయిందట. కొండలను తొలిచి వేశారు. దారిలో వచ్చే సొరంగాలలో కొన్ని 1880లలో రైలుదారి కోసం తవ్వి, మధ్యలో వదిలేసినవి. బ్లూ మౌంటెన్ అనే సొరంగంలోకి పోగానే పెట్టె మూగబోయింది. "పిల్లకేమయిందిరా?" అని మా ఆవిడ కంగారు పడింది. "దానికి ఆకాశం కనబడాలమ్మా. పైన ఉపగ్రహాలు చెబితేనే ఇది మనకు చెప్పగలదు" అన్నాడు వాడు. ఆ సొరంగం దాటి కాస్త వెలుతురు పడిందో లేదో రెండోది వచ్చింది. రెండిటి నడుమ గొంతు విప్పబోయి మళ్ళీ ఆగిపోయిన ఆ అమ్మాయి మీద ఆమెకు జాలి కలిగింది.

ఉపగ్రహాల సంగతి ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్నాను. ఇరవైవేల కిలోమీటర్లకు పై ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టివచ్చే ఉపగ్రహాలవి. మొదటిది 1978లో పోయింది. పూర్తి సంఖ్యలో, ఇరవైనాలుగూ కుదురుకున్నది 1995లో. అమెరికా సైన్యం తన అవసరానికి పెట్టుకున్న ఏర్పాటది. 1983లో దారితప్పిన కొరియా విమానాన్ని సోవియట్ సైన్యం కూల్చివేసి 269 మంది చనిపోయిన మీదట, దీనిని లోకానికంతటికీ ఇస్తామని వాళ్ళ అధ్యక్షుడు ప్రకటించాడు. ఇచ్చినా, మామూలు జనానికి నూరు మీటర్ల వరకు తేడా వచ్చేటట్లు కావాలనే కలిపిన తప్పును 2000 మే నెలలో గాని తీసివేయలేదు. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారం ఉంటుంది. సందేశం ఎన్ని గంటలకు బయలుదేరిందో అది చెబుతుంది. ఎంతసేపటికి అందిందో చూసుకొని కింది పెట్టె దూరం కడుతుంది. నిలబడ్డ చోటు తేలడానికి మూడు దూరాలు చాలును గాని, పెట్టెలోని చవక గడియారాన్ని సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. అన్నిటికన్న ఆశ్చర్యం, అంత ఎత్తున, అంత వేగాన తిరిగే గడియారం మన నేలమీది గడియారం కన్న రోజుకు 38 మైక్రో సెకన్లు ముందు పోతుందట. ఐన్‌స్టీన్ చెప్పిన లెక్కే. దానిని దిద్దుకోకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్ల తేడా వస్తుంది. మనవాళ్ళు కూడా 2013 నుంచి 2016 వరకు శ్రీహరికోట నుంచి ఏడు ఉపగ్రహాలను పంపి ఆ ఏర్పాటుకు నావిక్ అని పేరు పెట్టారు. పేరు బాగుంది. ఎవరో సంస్కృతం చదువుకున్న వారి చెయ్యి ఉండి ఉంటుందని నాకు ఒక సంతోషం.

ఇది చదువుతుంటే మా అడవి గుర్తుకు వచ్చింది. నా ఒక్కడి సంగతే కాదు, భూమిని కొలవడానికి వచ్చిన మహామహులకే అక్కడ తల తిరిగింది. లాంబ్టన్ దొర 1802లో మద్రాసులో మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేకు 1818లో సహాయకుడుగా వచ్చినవాడు జార్జి ఎవరెస్టు. హిమాలయ శిఖరానికి పేరిచ్చిన ఎవరెస్టు ఆయనే. ఆయనను కృష్ణా గోదావరుల నడిమి దేశానికి, అంటే మా వైపుకే, కొలతలకు పంపారు. కొండకొండకూ జెండాలు పాతి, అడ్డమైన చెట్లు కొట్టించి, ఒక శిఖరంనుంచి ఇంకొక శిఖరానికి చూపు కుదిరితేనే ఒక్క కోణం తేలేది. 1819లో గోదావరి వైపు అడవులలో ఆయనకూ ఆయన బలగానికీ చలిజ్వరం పట్టుకుంది. మోసుకొని హైదరాబాదు చేర్చే లోపల దారిలో కొందరు చనిపోయారు. ఆయన ఆరోగ్యం కోలుకోవడానికి 1820లో ఓడెక్కి ఆఫ్రికా దక్షిణపు కొసకు పోవలసి వచ్చింది. లాంబ్టన్ దొర చివరిదాకా కొలుస్తూనే 1823లో దారిలో కన్నుమూశాడు. చెట్లు కొట్టినవారి పేర్లు, జెండాలు మోసినవారి పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. గొడ్డలి భుజాన వేసుకొని మా ముందు నడిచిన ఆయన పేరు నేనే అడగలేదు గదా, ఇతరులను ఏమనగలను?

పిట్స్‌బర్గు ప్రయాణానికి వస్తాను. రాజమార్గం దిగాక పెట్టె చెప్పినట్లే తిరిగి తిరిగి, పచ్చిక బయళ్ళ నడుమ ఒంటరిగా ఉన్న ఒక ఇంటి ముందు ఆగాము. "గమ్యం చేరారు" అంది అమ్మాయి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. దడి అవతల రెండు గుర్రాలున్నాయి. తప్పు పెట్టెది కాదు, మావాడిదే. ఆ దేశంలో ఒకే పేరుగల వీధులు ఊరూరా ఉంటాయి. పట్టీలో పై వరసలోది నొక్కబోయి కింది వరసలోది నొక్కాడు. తండ్రీకొడుకులం ఇద్దరమూ కారులోనే కూర్చొని ఆ పెట్టెను గుచ్చుతూ ఉండగా తలుపు చప్పుడయింది. చూస్తే మా ఆవిడ దిగి, చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని ఆ ఇంటివైపు నడుస్తోంది. "అమ్మా, ఇక్కడ అలా వెళ్ళకూడదు!" అని వాడు అరుస్తున్నాడు. ఆమె వినిపించుకోలేదు.

గడపలోకి ఒక ముసలావిడ వచ్చింది. వీళ్ళిద్దరికీ ఏ భాష కుదిరిందో నాకు తెలియదు. మా ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు నా జీతం కాగితం చదవడానికి సరిపోయేది. చేతులు జోడించి చూపింది, గోపురం ఆకారం గాలిలో గీసింది. ఆ ముసలావిడ నవ్వి, ఎర్ర కొట్టం వచ్చేదాకా పోవాలని, అక్కడ చర్చి కనబడుతుందని, చర్చి వెనకనుంచి తిరిగితే పెద్ద రోడ్డని, అక్కడ ఎవరినడిగినా చెబుతారని చేతులు తిప్పుతూ చెప్పింది. మావాడు దిగి వెళ్ళి ఆ మాటలు తెలుగు చేశాడు. వింటుంటే నాకు మధిర స్టేషను బయట ఉన్నట్లే అనిపించింది. బయలుదేరేముందు ఆ ముసలావిడ మీరెక్కడివారు, ఎన్నాళ్ళుంటారు, ఈ పిల్లవాడికి పెళ్ళయిందా అని కూడా అడిగిందట.

కారు కదలగానే మా పెట్టె మూడుసార్లు "రీకాల్క్యులేటింగ్" అంది. "అంటే ఏమిట్రా?" అంది వాళ్ళమ్మ. "మళ్ళీ లెక్కవేసుకుంటున్నాను అంటోంది" అన్నాడు. పునర్గణనం అని నేను మనసులో అనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఎంత ఓపికో ఈ పిల్లకి. మనం ఎన్నిసార్లు తప్పినా ఒక్కమాటు విసుక్కోదు. మీ నాన్నగారయితే ఈపాటికి బెత్తం తీసేవారు" అంది. నాకు కోపం వచ్చింది గాని, తిరిగి అనడానికి మాట దొరకలేదు. మావాడు నా వైపు చూడకుండా నవ్వుకున్నాడు.

నిజానికి వాడికీ నాకూ నేరుగా మాటలు తక్కువ. వాడి చదువు రోజులనుంచీ అంతే. "నాన్నతో చెప్పమ్మా" అని వాడు, "మీవాడితో చెప్పు" అని నేను. అటుమాట ఇటూ ఇటుమాట అటూ చేర్చేటప్పుడు ఆమె వాటిలోని కరుకుదనాన్ని కొంత తీసివేసేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2021 మే నెలలో, కరోనా రెండో విడతలో, ఆమె ఖమ్మంలో ఆస్పత్రిలో పోయింది. ఎనిమిది రోజులు. చివరి రెండు రోజులూ నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ రాత్రి మావాడు ఫోను చేశాడు. మొదటిసారిగా నడుమ ఎవరూ లేకుండా వాడితో మాట్లాడుతున్నాను. "రాలేకపోతున్నాను నాన్నా" అన్నాడు. "రావాలనుకున్నవాడికి దారే దొరకదా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. దహనం ఫోనులోనే చూశాడు. నేనే నిప్పు పెట్టాను.

ఆ మే 4వ తేదీ నుంచి, మన దేశంలో ఉండి వచ్చేవారిని, పౌరులు కాని వారిని, చాలావరకు అమెరికా లోనికి రానివ్వలేదు. ఇక్కడి వాళ్ళ కార్యాలయాలలో వీసా ముద్రలు వేయడమూ ఆగిపోయింది. మావాడి ముద్ర గడువు అప్పటికే తీరింది. వస్తే తిరిగి ఎప్పుడు పోగలడో తెలియదు, ఉద్యోగం ఉంటుందో తెలియదు. ఆ కట్టడి నవంబరుదాకా తొలగలేదు. ఇదంతా పత్రికలో చదివి, ఇరుగుపొరుగు పిల్లలు చెప్పగా విని, నాకు తెలిసేసరికి నెలలు గడిచాయి. తెలిశాక కూడా ఫోనులో ఆ మాట ఎత్తలేదు. ఆరోగ్యం, వానలు, బియ్యం ధర. అంతే.

2023లో మనుమరాలి మొదటి పుట్టినరోజుకు రమ్మని టిక్కెట్టు పంపాడు. ఫిలడెల్ఫియాలో విమానం దిగాను. ఒక్కణ్ణే ప్రయాణం చేయడం అదే మొదలు. దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ వచ్చాను, ఎవరినీ అడగలేదు. వాడు వచ్చి పెట్టె అందుకొని, కాళ్ళకు దణ్ణం పెట్టి, కారెక్కించాడు. వెనక సీటు ఖాళీ. ఇప్పుడందరికీ ఫోనే దారి చెబుతోంది. కావాలంటే తెలుగులో కూడా చెబుతుంది. వాడి ఫోను ముందు నిలబెట్టి ఉంది, గొంతు ఆపివేసి.

ముఖం తుడుచుకోవడానికి కాగితం కోసం ముందరి సొరుగు తీస్తే చేతికి ఆ పాత పెట్టె తగిలింది. రబ్బరు గిన్నె ఎండి బీటలు వారింది.

"ఇది ఇంకా ఉందా?" అన్నాను.

"ఉంది నాన్నా. రెండు కార్లు మారాయి. పారేయబుద్ధి కాలేదు."

దాని తీగ వెతికి, కారులో గుచ్చి, నా చేతికే ఇచ్చాడు. చాలాకాలం పడుకున్న యంత్రం గదా, ఉపగ్రహాలను వెతుక్కోవడానికి కొన్ని నిమిషాలు పట్టింది. తరువాత వెలిగింది. అందులో దాచిపెట్టిన చోట్ల పట్టీలో "ఇల్లు" అన్నచోట వాడు ఎప్పుడో ఖాళీ చేసిన పాత వాటా, దాని కింద "అమ్మ గుడి" అని ఇంగ్లీషు అక్షరాలలో ఒకటి. వాడు పక్కనుంచి చూసి "ఇల్లు నొక్కండి" అన్నాడు. నొక్కాను. అదే గొంతు. పదమూడేళ్ళలో దానికి వయసు రాలేదు.

ఊరు దాటాక, ధైర్యం తెచ్చుకొని, "ఆ రోజు ఫోనులో నేనన్న మాట..." అన్నాను.

"నాకు గుర్తుంది నాన్నా" అన్నాడు వాడు.

అంతే అన్నాడు. వదిలేయండి అనలేదు, ఫరవాలేదు అనలేదు. నేనూ ఇంకేమీ కలపలేదు.

ఇంకొంత దూరం పోయాక మా కారు పెద్దరోడ్డునుంచి విడివడి ఒక వంపు వంతెన ఎక్కింది. అది 2018లో వేసింది, ఫిలడెల్ఫియా వైపునుంచి వచ్చే రోడ్డును టర్న్‌పైక్‌తో నేరుగా కలపడానికి. నా చేతిలోని పటానికి ఆ సంగతి తెలియదు. అందులో బాణం గుర్తు రోడ్డు వదిలి, ఏమీ గీయని ఖాళీజాగాలో పోతోంది. అమ్మాయి కాసేపు ఊరుకుంది. తరువాత "రీకాల్క్యులేటింగ్" అంది. మళ్ళీ అంది. వీలున్నచోట వెనక్కు తిరగమంది.

"అలాగేనమ్మా" అన్నాడు మావాడు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

డెలవేర్ నది మీది వంతెన ఎక్కి దిగేదాకా నేనేమీ మాట్లాడలేదు. దిగాక, ఇల్లింకా ఎంత దూరమని వాణ్ణి అడిగాను.